ఏడాది ప్రపంచ యాత్రకు ముందు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఉద్యోగానికి కొంతకాలం విరామం ఇచ్చి, బ్యాక్‌ప్యాక్ తగిలించుకుని దేశదేశాలు తిరిగి రావాలనుకునే పాఠకులు పంపిన ప్రశ్నల్లో నలుగురికీ పనికివచ్చే వాటిని ఈ సంచికకు ఎంచుకున్నాము. ఒకే సందేహాన్ని పలువురు అడిగినచోట వాటిని కలిపి ఒక్క ప్రశ్నగా ఇచ్చాము. వీసా నియమాలు పాస్‌పోర్టును బట్టి మారుతాయి కనుక, ప్రయాణానికి ముందు ఆయా రాయబార కార్యాలయాల ప్రకటనలతో వాటిని మరొకసారి సరిచూసుకోవాలి.

ప్రశ్న: నాకూ నా భార్యకూ వచ్చే ఏడాది పన్నెండు నెలల విరామం దొరుకుతోంది. ప్రపంచం చుట్టి రావాలని నిర్ణయించుకుని, చూడవలసిన దేశాల జాబితా రాయడం మొదలుపెట్టాము. జాబితా ముప్పై దేశాలు దాటింది గాని మార్గం మాత్రం తయారు కావడం లేదు. ఈ పని అసలు ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: జాబితాను పక్కన పెట్టి క్యాలెండరును ముందుకు తెచ్చుకోండి. 365 రోజులను ముప్పై దేశాలకు పంచితే ఒక్కో దేశానికి పన్నెండు రోజులు వస్తాయి. పైకి ఇది చాలినంతగానే కనిపిస్తుంది. కాని దేశం మారిన ప్రతిసారీ సామాను సర్దుకోవడానికి, సరిహద్దు దాటడానికి, బస వెతుక్కోవడానికి, కొత్త డబ్బూ కొత్త బస్సులూ కొత్త లిపీ అలవాటు కావడానికి తక్కువలో తక్కువ రెండు రోజులు పోతాయి. అంటే ఏడాదిలో రెండు నెలలు కేవలం మారడానికే ఖర్చవుతాయి. పైగా ఆరేడు నెలలు గడిచాక ఎంత ఉత్సాహవంతులకైనా విసుగు పుట్టే రోజులు వస్తాయి. ఏ జలపాతాన్ని చూసినా ఇదివరకు చూసినదానిలాగే ఉంటుంది. అప్పుడు ఒకే ఊళ్లో రెండు వారాలు ఊరికే కూర్చునే వెసులుబాటు లేకపోతే యాత్ర మధ్యలోనే ఆగిపోతుంది. ఏడాదికి పది నుంచి పద్నాలుగు దేశాలు చాలునని మా అభిప్రాయం. ఐక్యరాజ్యసమితిలో సభ్యదేశాలే 193 ఉన్నాయి. ఎంత పరుగెత్తినా వాటిలో చాలా భాగం మిగిలే ఉంటుంది కనుక, వదిలేసినవాటి గురించి బెంగ పెట్టుకోవద్దు.

ఇద్దరూ విడివిడిగా, ఒకరి కాగితం మరొకరికి చూపకుండా, చెరి నాలుగు కోరికలు రాసుకోండి. దేశాల పేర్లు కాకుండా చేయాలనుకున్న పనులు రాయండి: ఫలానా పర్వతాల్లో నడక, ఫలానా సముద్రంలో ఈత, ఫలానా నగరంలో ఒక నెల. రెండు కాగితాలూ కలిపితే ఆరేడు స్థిరమైన గమ్యాలు తేలుతాయి. ప్రతి గమ్యానికీ ఏ నెలల్లో వెళ్లాలి, ఏ నెలల్లో వెళ్లకూడదు, ప్రవేశానికి ఏ అనుమతి కావాలి, ఎన్ని రోజులు పడుతుంది అన్న నాలుగు సంగతులు మాత్రం కనుక్కోండి. వాటి మధ్య దారిలో పడే దేశాలే మీ మిగతా జాబితా.

ప్రణాళిక అంతటికీ వర్తించే ఒక వరుస ఉంది. తరువాత మార్చలేని వాటిని ముందు తేల్చుకోవాలి. మార్చగలిగిన వాటిని వీలైనంత కాలం తేల్చకుండా ఉంచాలి. రుతువులు, వీసా గడువులు, టీకాల వ్యవధి, చేతిలో ఉన్న మొత్తం డబ్బు మొదటి కోవలోకి వస్తాయి. బసలు, బస్సులు, ఒక దేశంలో ఊళ్ల వరుస రెండో కోవలోకి వస్తాయి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు: హోటళ్లు ముందు బుక్ చేసుకుని, వీసా సంగతి ఆఖరున చూస్తారు.

సమాచారం విషయంలో ఒక మాట. వీడియోలు ప్రతి చోటునూ దాని అత్యుత్తమమైన రోజున చూపిస్తాయి. ఆ రోజు ఏడాదిలో ఎన్నిసార్లు వస్తుందో చెప్పవు. గైడ్ పుస్తకాలు భూగోళాన్ని, రవాణా మార్గాలను అర్థం చేసుకోవడానికి ఇప్పటికీ సాటిలేనివి, కాని వాటిలోని ధరలు అచ్చయ్యేనాటికే పాతబడతాయి. భద్రత విషయంలో ఒక్క ప్రభుత్వం ఇచ్చే హెచ్చరికలనే నమ్మకుండా, రెండు మూడు దేశాల విదేశాంగ శాఖల సూచనలను పక్కపక్కన పెట్టి చదవండి. అన్నీ ఒకే ప్రాంతాన్ని వద్దంటే ఆ మాట వినాలి.

ప్రశ్న: ఏ ప్రాంతానికి ఏ నెలలో వెళ్లాలన్నది ఎలా నిర్ణయించుకోవాలి? ఏడాది పొడవునా తిరిగేటప్పుడు అన్నిచోట్లా మంచి వాతావరణం దొరకడం సాధ్యమేనా?

జవాబు: అన్నిచోట్లా సాధ్యం కాదు, అయితే మీ స్థిరమైన గమ్యాల వరకు తప్పకుండా సాధ్యమే. నేపాల్ హిమాలయాల్లో నడకకు వర్షాలు వెనుదిరిగిన తరువాతి అక్టోబరు, నవంబరు నెలలు, ఆ తరువాత మార్చి నుంచి మే వరకు అనువైనవి. ఆగ్నేయాసియా ప్రధాన భూభాగంలో చాలా చోట్ల మే నుంచి అక్టోబరు వరకు వర్షాలు పడతాయి. కాని ఒకే దేశంలో రెండు తీరాలు రెండు రకాలుగా ఉండవచ్చు. థాయిలాండ్‌లో పడమటి తీరాన ఆకాశం తేటపడే వేళకు తూర్పున ఉన్న సముయి ద్వీపంలో భారీ వర్షాలు మొదలై డిసెంబరు దాకా కొనసాగుతాయి. ఉత్తర థాయిలాండ్‌కు వానలు లేవు కదా అని ఫిబ్రవరి, మార్చి నెలల్లో వెళితే, పొలాలు, అడవులు తగలబెట్టిన పొగ కొండలను కప్పేసి ఉంటుంది. నెలవారీ వర్షపాతం పట్టికల్లో ఈ పొగ కనబడదు. అందుకే పట్టికలతో పాటు, ఆ నెలలో అక్కడ ఉన్నవారు రాసిన అనుభవాలను కూడా చదవాలి.

దక్షిణార్ధ గోళంలో రుతువులు తిరగబడతాయని అందరికీ తెలిసినా, ప్రణాళిక వేసేటప్పుడు చాలామంది మరచిపోతారు. దక్షిణ అమెరికా దక్షిణపు కొసన ఉన్న పటగోనియాలో నడవదగిన కాలం నవంబరు నుంచి మార్చి వరకే. పెరూ, బొలీవియా పర్వత ప్రాంతాల్లో పొడి కాలం మే నుంచి సెప్టెంబరు దాకా ఉంటుంది. బొలీవియాలోని ఉయుని ఉప్పు మైదానం మాత్రం వర్షాలు పడే జనవరి నుంచి మార్చి మధ్యలోనే అద్దంలా ఆకాశాన్ని ప్రతిబింబిస్తుంది కనుక, ఛాయాచిత్రాల్లో చూసిన దృశ్యం మీకు ఏ కాలంలోదో ముందుగా తెలిసి ఉండాలి. తూర్పు ఆఫ్రికాలో మార్చి నుంచి మే వరకు దీర్ఘ వర్షాలు పడతాయి; వన్యమృగాల మందలు మారా నదిని దాటే దృశ్యాలు సాధారణంగా జూలై నుంచి అక్టోబరు లోపల కనిపిస్తాయి. కరీబియన్ ప్రాంతంలో తుపాన్ల కాలాన్ని జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు లెక్కిస్తారు. తజికిస్తాన్‌లోని పామీర్ రహదారి మీద వేసవి నెలలు తప్ప మిగతా కాలంలో మంచు అడ్డుపడవచ్చు.

ఇలా ఒక్కో చోటికి అనువైన నెలలను ఒక దాని పక్కన ఒకటి పేర్చితే మార్గం దానంతట అదే కనబడుతుంది. ఉదాహరణకు అక్టోబరులో నేపాల్‌తో మొదలుపెట్టినవారు డిసెంబరు, జనవరి నెలలను ఆగ్నేయాసియాలో, ఫిబ్రవరిని న్యూజిలాండ్‌లో గడిపి, మార్చి మొదటికి పటగోనియా చేరి, చలి ముదిరేకొద్దీ ఉత్తరంగా జరుగుతూ మే, జూన్ నెలలకు పెరూ కొండల్లో ఉండి, జూలై నుంచి సెప్టెంబరు వరకు జార్జియా, ఆర్మేనియాలున్న కాకసస్, మధ్య ఆసియా ప్రాంతాల్లో తిరగవచ్చు. ఇది ఒక నమూనా మాత్రమే. మీ స్థిర గమ్యాల్లో ఏదో ఒకటి వరుసలో ఇమడకపోతే దాన్ని మరో ఏడాదికి వదిలేయడం మేలు; దాని కోసం మహాసముద్రాన్ని రెండుసార్లు దాటడం వద్దు.

సెలవులను కూడా రుతువులతో సమానంగా లెక్కలోకి తీసుకోవాలి. చైనాలో చాంద్రమాన నూతన సంవత్సరానికి, జపాన్‌లో ఏప్రిల్ చివర మొదలై మే మొదటి వారంలో ముగిసే సెలవుల వరుసకు రైళ్లలో చోటు దొరకదు. రంజాన్ మాసం మన వాడుక క్యాలెండరులో ఏటా దాదాపు పదకొండు రోజులు ముందుగానే వస్తుంది కనుక పాత పుస్తకంలోని తేదీలను నమ్మవద్దు.

ప్రశ్న: ప్రపంచం చుట్టడానికి ఒకే టికెట్ ఇస్తారని విన్నాను. అది లాభమా, విడివిడిగా కొనుక్కోవడం లాభమా? తూర్పుగా వెళ్లాలా, పడమరగా వెళ్లాలా?

జవాబు: స్టార్ అలయన్స్, వన్‌వరల్డ్ వంటి విమానసంస్థల కూటములు ఇలాంటి టికెట్లు అమ్ముతాయి. ప్రధాన నియమాలు ఒకేలా ఉంటాయి: ఒకే దిశలో ప్రయాణించాలి, అట్లాంటిక్, పసిఫిక్ మహాసముద్రాలను ఒక్కొక్కసారి దాటాలి, బయలుదేరిన దేశానికే తిరిగి రావాలి, ఏడాది లోపల ముగించాలి. వన్‌వరల్డ్ టికెట్లలో ఒక రకానికి ధరను ఎన్ని ఖండాలు తాకుతారన్న దానిని బట్టి నిర్ణయిస్తారు, గరిష్ఠంగా 16 విమాన ప్రయాణాలకు అనుమతిస్తారు. దూరాన్ని బట్టి ధర నిర్ణయించే టికెట్లలో, రెండు ఊళ్ల మధ్య మీరు బస్సులో వెళ్లినా ఆ దూరం మైళ్ల లెక్కలో కలవవచ్చు. ఈ మెలికను కొనేముందే చదువుకోవాలి. తేదీ మార్చుకోవడం సులభమే గాని, మార్గం మార్చుకుంటే రుసుము చెల్లించాలి. మరో ఇబ్బంది ఏమంటే, విమానసంస్థలు సాధారణంగా పదకొండు నెలల ముందు వరకే సీట్లు అమ్మకానికి పెడతాయి కనుక, ఏడాది చివరి విమానాలకు ముందు ఏదో ఒక తేదీ వేసి తరువాత మార్చుకోవలసి వస్తుంది.

దూరదూరాన ఉన్న అయిదారు నగరాలను ఆరు నెలల లోపల చూడాలనుకునేవారికి, దక్షిణార్ధ గోళంలో మహాసముద్రాలు దాటేవారికి ఈ టికెట్ నిజంగా లాభిస్తుంది. నేల మీద నెమ్మదిగా కదిలే బ్యాక్‌ప్యాకర్లకు మాత్రం విడి టికెట్లే మేలని మేము భావిస్తాము. మొదటి విమానాన్నీ, సముద్రం దాటే ఒకటి రెండు పెద్ద విమానాలనూ ముందు కొనుక్కుని, మిగతావి దారిలో చూసుకోవచ్చు. అయితే నేల మీదుగా అన్నిచోట్లకూ వెళ్లవచ్చని అనుకోవద్దు. అలాస్కా నుంచి అర్జెంటీనా దాకా సాగే పాన్ అమెరికన్ రహదారి కూడా పనామా, కొలంబియాల మధ్య డేరియన్ అడవుల్లో సుమారు 100 కిలోమీటర్ల మేర తెగిపోతుంది. అక్కడ విమానమో పడవో ఎక్కక తప్పదు.

దిశ విషయానికి వస్తే, మనిషి శరీరంలోని గడియారం 24 గంటల కంటే కొద్దిగా ఎక్కువ నిడివి గలది కావడం వల్ల పడమర ప్రయాణానికి త్వరగా అలవాటు పడతాము. కాని ఏడాది యాత్రలో అయిదారు రోజుల నిద్రలేమి లెక్కలోది కాదు. దిశను రుతువులకే వదిలేయండి. పసిఫిక్ మహాసముద్రంలో తేదీ మారే అంతర్జాతీయ దినరేఖను మాత్రం గుర్తుంచుకోవాలి: పడమరగా దాటితే ఒక తేదీ ఎగిరిపోతుంది, తూర్పుగా దాటితే ఒకే తేదీ రెండుసార్లు వస్తుంది. పోర్చుగీసు నావికుడు మాగెల్లాన్ మొదలుపెట్టిన నౌకాయాత్రలో మిగిలిన నావికులు 1522లో పడమర దారిన ప్రపంచాన్ని చుట్టి కేప్ వెర్డె దీవులు చేరినప్పుడు, తమ దినచర్యలో బుధవారమైన రోజు ఒడ్డున గురువారమని విని ఆశ్చర్యపోయారట. వారికి హోటల్ బుకింగులు లేవు. మీకుంటాయి కనుక, దినరేఖ దాటే వారంలో బస తేదీలను రెండుసార్లు సరిచూసుకోండి.

ప్రశ్న: వీసాలన్నీ బయలుదేరే ముందే తీసుకోవాలా? ఏడాది చివర వెళ్లే దేశాలకు ముందుగా ఇస్తారా? ఒకే వీసాతో చాలా ఐరోపా దేశాలు తిరగనిచ్చే షెంగెన్ ప్రాంతపు రోజుల లెక్క ఎంత చదివినా అర్థం కావడం లేదు.

జవాబు: ప్రతి వీసాలోనూ మూడు వేర్వేరు లెక్కలు ఉంటాయి: ఏ తేదీ లోపల ప్రవేశించాలి, ప్రవేశించాక ఎన్ని రోజులు ఉండవచ్చు, ఎన్నిసార్లు ప్రవేశించవచ్చు. వీటిని ఒకటిగా అనుకోవడం వల్లనే ఎక్కువ చిక్కులు వస్తాయి. మూడు నెలలు చెల్లుతుందని రాసి ఉన్న వీసా మీద ముప్పై రోజులే ఉండనివ్వవచ్చు. ఒక్కసారి ప్రవేశానికే అనుమతి ఉంటే పక్క దేశానికి రెండు రోజులు వెళ్లి వచ్చినా తిరిగి లోపలికి రానివ్వరు.

షెంగెన్ ప్రాంతంలో ఇప్పుడు 29 దేశాలున్నాయి. బల్గేరియా, రుమేనియాలు 2025 జనవరి 1 నుంచి పూర్తిగా చేరాయి. స్వల్పకాలిక సందర్శకులు ఏ 180 రోజుల వ్యవధిలోనైనా మొత్తం 90 రోజులే అక్కడ ఉండాలి. ఈ 180 రోజులు క్యాలెండరు అర్ధ సంవత్సరం కాదు. మీరు అక్కడ ఉన్న ప్రతి రోజునుంచీ వెనక్కి లెక్కపెట్టేది. ఏప్రిల్ 1న ప్రవేశించి జూన్ 29న బయటికి వచ్చినవారు 90 రోజులూ వాడేసినట్టే. మళ్లీ ప్రవేశించడానికి సెప్టెంబరు 28 దాకా ఆగాలి. వచ్చిన రోజు, వెళ్లిన రోజు రెండూ లెక్కలోకి వస్తాయి. మధ్యకాలాన్ని షెంగెన్‌లో లేని బ్రిటన్, ఐర్లండ్, అల్బేనియా, జార్జియా, టర్కీ వంటి దేశాల్లో, వాటి వాటి నిబంధనల మేరకు గడపవచ్చు. 2025 అక్టోబరు 12న మొదలై దశలవారీగా అమలులోకి వచ్చిన కొత్త విధానంలో రాకపోకలను వేలిముద్రలతో కంప్యూటర్లో నమోదు చేస్తున్నారు కనుక, పాస్‌పోర్టులో ముద్ర సరిగా పడలేదన్న సాకు ఇకమీదట చెల్లదు.

చివరి నెలల సంగతే అసలు చిక్కు. షెంగెన్ వీసా అవసరమైనవారు ప్రయాణానికి ఆరు నెలలకంటే ముందు దరఖాస్తు చేయలేరు. సాధారణంగా తాము నివసించే దేశంలోనే చేయాలి. ఐరోపాను యాత్రలో తొమ్మిదో నెలకు పెట్టుకుంటే, బయలుదేరే ముందు ఇవ్వరు, దారిలో అడిగితే తీసుకోకపోవచ్చు. కాబట్టి ఇంటి నుంచే తీసుకోవలసిన కఠినమైన వీసాల దేశాలను మొదటి అయిదారు నెలల్లోనే ఇమిడ్చి, సరిహద్దులోనో ఆన్‌లైన్‌లోనో అనుమతి దొరికే దేశాలను చివరికి ఉంచండి. రుతువులూ వీసాలూ ఒకదానితో ఒకటి పొసగని చోట వీసాదే పైచేయి. వానలో తడుస్తూనైనా తిరగవచ్చు గాని అనుమతి లేకుండా విమానం కూడా ఎక్కనివ్వరు.

ఇక్కడ విమానసంస్థల పాత్రను తెలుసుకోవాలి. అర్హత లేని ప్రయాణికుణ్ని తెచ్చినందుకు జరిమానా, తిప్పి పంపే ఖర్చు వారి మీద పడతాయి కనుక, అంతర్జాతీయ విమాన రవాణా సంఘం నిర్వహించే టైమాటిక్ అనే నిబంధనల భాండారాన్ని చూసి కౌంటరులోనే నిర్ణయిస్తారు. ఆ దేశం నుంచి బయటికి వెళ్లే టికెట్ చూపమని అడిగేది కూడా ఎక్కువగా అక్కడే. ఒకవైపు టికెట్‌తో తిరిగేవారు చవకైన తదుపరి బస్సు లేదా విమాన టికెట్, లేదా రుసుము లేకుండా రద్దు చేసుకోదగిన టికెట్ ఒకటి సిద్ధంగా ఉంచుకోవాలి. అమెరికా విమానాశ్రయంలో కేవలం విమానం మారేవారికి కూడా ప్రవేశ నియమాలు వర్తిస్తాయి. దక్షిణ అమెరికాకు అటు మీదుగా చవక టికెట్ కనబడితే ఈ సంగతి గుర్తుంచుకోండి.

పాస్‌పోర్టు గడువు యాత్ర ముగిసే తేదీ తరువాత కనీసం ఆరు నెలలైనా ఉండాలి, ఖాళీ పేజీలు ధారాళంగా ఉండాలి. సందేహం ఉంటే ముందే కొత్తది తీసుకోండి. వీసాలు అంటించిన తరువాత మార్చుకోవడం తలనొప్పి.

ప్రశ్న: డాక్టరు రాసిచ్చిన టీకాల పట్టిక చాలా పొడవుగా ఉంది. అన్నీ అవసరమా? ఎత్తైన ప్రాంతాలకు వెళ్లాలంటే భయంగా ఉంది.

జవాబు: ఏ టీకా అవసరమన్నది మీ మార్గాన్ని, ఆరోగ్యాన్ని బట్టి ప్రయాణ వైద్య నిపుణులే నిర్ణయించాలి; మేము చెప్పగలిగింది వ్యవధి గురించి. కొన్ని టీకాలకు రెండు మూడు మోతాదులు వారాల తేడాతో వేయించుకోవాలి కనుక, బయలుదేరడానికి కనీసం ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే వారిని కలవండి. కొన్ని టీకాలు ఆరోగ్యం కోసం, ఒకటి మాత్రం సరిహద్దు కోసం కూడా. అది పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) టీకా. ఆఫ్రికా, దక్షిణ అమెరికా ఉష్ణమండల దేశాల్లో ఈ వ్యాధి ఉంది. ఆ ప్రాంతాల నుంచి వచ్చేవారిని ధ్రువపత్రం చూపమని చాలా దేశాలు అడుగుతాయి, లేకపోతే ఆరు రోజుల వరకు విడిగా ఉంచవచ్చు. ధ్రువపత్రం టీకా వేయించుకున్న పది రోజుల తరువాతే అమలులోకి వస్తుంది. 2016 జూలై నుంచి అది జీవితకాలం చెల్లుతుంది. కాబట్టి మీ మార్గంలో బ్రెజిల్, కెన్యా వంటివి ఉంటే, అక్కడికి వెళ్లడానికి ఏమి కావాలన్నదే కాక, అక్కడి నుంచి తరువాతి దేశానికి ఏమి కావాలన్నది కూడా చూడండి.

రేబిస్ విషయంలో చాలామంది పొరపడతారు. ముందుగా టీకా వేయించుకున్నా, కుక్కో కోతో కరిస్తే గాయాన్ని సబ్బునీటితో పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లవలసిందే. ముందస్తు టీకా వల్ల కలిగే లాభం ఏమంటే, మారుమూల ప్రాంతాల్లో దొరకడం కష్టమైన ఇమ్యునోగ్లోబులిన్ అనే రక్షక ఇంజెక్షను అవసరం తప్పుతుంది. నెలల తరబడి పల్లెల్లో తిరిగేవారికి ఇది చిన్న లాభం కాదు. మలేరియా మాత్రల్లో ఒక్కోదానికి ఒక్కో పద్ధతి ఉంది: డాక్సీసైక్లిన్‌ను ఆ ప్రాంతం విడిచిన తరువాత కూడా నాలుగు వారాలు వేసుకోవాలి, అటోవాక్వోన్, ప్రోగ్వానిల్ కలిసిన మాత్రను ఏడు రోజులు వేసుకుంటే చాలు. మధ్యలో మానేయడం కంటే మొదలుపెట్టకపోవడమే నయమనుకునేవారు ఉన్నారు, రెండూ ప్రమాదమే.

ఎత్తు గురించి భయం వద్దు, లెక్క కావాలి. 3,000 మీటర్లు దాటాక, రాత్రి పడుకునే చోటు ముందటి రాత్రి కంటే 500 మీటర్లకు మించి పెరగకుండా చూసుకుని, మూడు నాలుగు రోజులకొకసారి అదే ఎత్తున ఒక రోజు అదనంగా ఆగాలి. నడిచి ఎక్కేవారికి ఇది సులభం. విమానంలో దిగేవారికే చిక్కు: పెరూలో సముద్రతీరాన ఉన్న లిమా నుంచి కొండల మీది కుస్కోకు గంటన్నర లోపల 3,400 మీటర్ల ఎత్తుకు చేరుతారు, బొలీవియాలోని లా పాజ్ విమానాశ్రయమైతే 4,000 మీటర్ల పైన ఉంది. కుస్కోలో దిగినవెంటనే ఇంకా దిగువన ఉన్న లోయలోకి వెళ్లి మొదటి రెండు మూడు రాత్రులు గడపడం తెలివైన పని. తలనొప్పితో పాటు నడక తూలినా, కూర్చున్నప్పుడు కూడా ఆయాసం వచ్చినా, అర్ధరాత్రయినా సరే వెంటనే కిందికి దిగాలి. ఆ స్థితిలో తెల్లవారే దాకా చూద్దామనుకోకూడదు.

రోజూ వేసుకునే మందులుంటే జెనెరిక్ పేరుతో, అంటే కంపెనీ పేరుతో కాక మందు అసలు పేరుతో, రాసిన చీటీ వెంట ఉండాలి. ఒక దేశంలో మామూలుగా దొరికే మందు మరో దేశంలో నేరం కావచ్చు. సూడోఎఫెడ్రిన్ మోతాదు ఎక్కువగా ఉన్న జలుబు మందులను జపాన్ అనుమతించదు, కోడీన్ ఉన్నవాటికి యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ దేశంలో ముందస్తు అనుమతి అడుగుతారు.

ప్రశ్న: మొత్తం ఎంత ఖర్చవుతుందో ఎలా అంచనా వేయాలి? దారిలో పని చేసుకుంటూ వెళ్లడం సాధ్యమేనా?

జవాబు: ఒకే సగటు తీసి 365తో గుణించవద్దు. నార్వేలో ఒక రోజు ఖర్చుతో లావోస్‌లో వారం దాకా గడుస్తుంది కనుక ఆ సగటు ఎక్కడా నిజం కాదు. దేశాలను చవకైనవి, మధ్యస్థమైనవి, ఖరీదైనవి అని విభజించి, ఒక్కోదానిలో ఎన్ని రోజులుంటారో రాసుకుని గుణించండి. దానికి పెద్ద విమానాలు, వీసా రుసుములు, బీమా, టీకాలు, సామాను విడిగా కలపండి. జీవితంలో ఒక్కసారి చేసే పనులు, అంటే గొరిల్లాలను చూడటం, సముద్రంలో డైవింగ్ నేర్చుకోవడం వంటివి, రోజువారీ ఖర్చులో ఇమడవు. వాటికి వేరే పద్దు ఉండాలి. వచ్చిన మొత్తానికి కనీసం ఆరో వంతు చేర్చండి. ఆపైన, తిరిగి వచ్చాక ఉద్యోగం దొరికేదాకా మూడు నెలలు గడవడానికి కావలసిన డబ్బును ఈ లెక్కలో కలపకుండా వేరే ఖాతాలో ఉంచి, దాన్ని మరచిపోండి. డబ్బు చాలదని తేలితే దేశాలను తగ్గించే బదులు ఖరీదైన దేశాల్లో రోజులను తగ్గించి, చవకైన దేశాల్లో ఒక్కో చోట ఎక్కువ కాలం ఉండండి. కదిలిన కొద్దీ ఖర్చు పెరుగుతుంది.

రెండు వేర్వేరు నెట్‌వర్కుల బ్యాంకు కార్డులు రెండు వేర్వేరు చోట్ల దాచుకోవాలి. ఏటీఎం గాని దుకాణం గాని మీ సొంత కరెన్సీలో వసూలు చేయమంటారా అని అడిగితే వద్దని, స్థానిక కరెన్సీనే ఎంచుకోవాలి. మొదటిదానిలో మారకం రేటు దాదాపు ఎప్పుడూ మీకు నష్టమే. చాలామంది ఆలోచించని మరో విషయం ఓటీపీ. విదేశంలో మీ సిమ్ పనిచేయకపోయినా, నంబరు రద్దయినా బ్యాంకు ఖాతా తలుపు మూసుకుపోతుంది. నంబరు ఏడాది పొడవునా జీవించి ఉండేలా రీఛార్జి ఏర్పాటు చేసి, వీలైన ఖాతాలన్నింటినీ ఆథెంటికేటర్ యాప్‌కు మార్చి, రికవరీ కోడ్‌లను కాగితం మీద రాసి ఫోను ఉన్న సంచిలో కాకుండా మరోచోట పెట్టండి.

ఇక పని విషయం. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వంటి దేశాలు కొన్ని దేశాల యువతకు సెలవు గడుపుతూ పనిచేసుకునే వీసాలు ఇస్తాయి. మీ పాస్‌పోర్టుకు, వయసుకు వర్తిస్తుందేమో చూడండి. పొలాల్లో, హాస్టళ్లలో పనికి బదులుగా బస, భోజనం ఇచ్చే పద్ధతి ఎంత స్వచ్ఛందంగా కనిపించినా, చాలా దేశాల చట్టం దాన్ని కూడా పనిగానే లెక్కిస్తుంది. పర్యాటక వీసాతో వెళ్లి సరిహద్దు అధికారికి ఆ సంగతి చెప్పినవారిని వెనక్కి పంపిన సందర్భాలున్నాయి. ఆదాయాన్ని నమ్ముకుని బయలుదేరవద్దు.

ప్రశ్న: ఎంత పెద్ద సంచి తీసుకోవాలి?

జవాబు: నలభై, నలభై అయిదు లీటర్లది. ఏడాదికైనా, నెలకైనా అదే. ఎందుకంటే తీసుకెళ్లేది ఒక వారానికి సరిపోయే బట్టలే, మిగతాది ఉతుక్కోవడమే. చవక విమానాల్లో చాలావాటికి చేతిసామాను పరిమితి ఏడు కిలోలు కనుక దాన్నే లక్ష్యంగా పెట్టుకోండి. చలిప్రదేశానికి కావలసిన బరువైన దుస్తులను అక్కడికి వెళ్లాక కొని, దాటాక ఇచ్చేయడం చవక. పవర్ బ్యాంకు 100 వాట్-అవర్లకు మించకూడదు, దాన్ని విమానంలో చేతిసామానులోనే ఉంచాలి. 1889లో నెల్లీ బ్లై అనే అమెరికన్ పత్రికా విలేఖరి ఒక్క చిన్న చేతిసంచితో బయలుదేరి 72 రోజుల్లో ప్రపంచాన్ని చుట్టి వచ్చింది. ఆమెను దారి పొడవునా విసిగించిన వస్తువు, సంచిలో ఎంతకూ ఇమడని ఒక కోల్డ్ క్రీమ్ సీసా. అలాంటి సీసా ప్రతివారి సంచిలోనూ ఒకటి ఉంటుంది. బయలుదేరడానికి రెండు వారాల ముందు సంచి నింపి, భుజాన వేసుకుని రెండు గంటలు నడిస్తే అది ఏదో తెలుస్తుంది.

ప్రశ్న: బీమా తీసుకునేటప్పుడు ఏమి చూడాలి? దారిలో మోటారు సైకిల్ అద్దెకు తీసుకోవాలని ఉంది.

జవాబు: ముందుగా ఏకబిగిన ఎన్ని రోజుల ప్రయాణానికి వర్తిస్తుందో చూడండి. ఏడాది పాలసీ అని పేరున్నా ఒక్కో ప్రయాణానికి ముప్పై, అరవై రోజులే వర్తించేవి చాలా ఉన్నాయి. మీకు కావలసింది దీర్ఘకాల యాత్రకు ఉద్దేశించినది. ఆసుపత్రి ఖర్చుతో పాటు, మారుమూల నుంచి పెద్ద ఆసుపత్రికి తరలించే ఖర్చు ఎంతవరకు ఇస్తారన్నది అన్నిటికంటే ముఖ్యం. పోయిన ఫోనుకు పరిహారం గురించి బేరమాడే ముందు దాన్ని చదవండి. పర్వతారోహణకు కొన్ని పాలసీల్లో ఎత్తు పరిమితి ఉంటుంది. మీరు వెళ్లే కనుమ దానికి పైన ఉంటే అదనపు రక్షణ కొనుక్కోవాలి. షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి.

మోటారు సైకిల్ నడపడానికి మీ సొంత దేశపు లైసెన్సులో ఆ తరగతి వాహనానికి అనుమతి లేకపోతే, ప్రమాదం జరిగినప్పుడు బీమా సంస్థ సాధారణంగా పైసా ఇవ్వదు. అద్దెకు ఇచ్చినవాడు లైసెన్సు అడగలేదన్నది జవాబు కాదు. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్లు 1926, 1949, 1968 నాటి ఒప్పందాల ప్రకారం మూడు రకాలు. వాటిలో 1949 నాటిదాన్నే జపాన్ అంగీకరిస్తుంది, దాని గడువు ఏడాది. పర్మిట్‌ను లైసెన్సు ఇచ్చిన దేశంలోనే తీసుకోవాలి కనుక బయలుదేరే ముందు వారాల్లో తీసుకోండి. అద్దెకు హామీగా పాస్‌పోర్టు అడిగితే మరో దుకాణం చూసుకోండి.

ప్రశ్న: ముందుగా ఏమేమి బుక్ చేసుకోవాలి? అన్నీ ఖరారు చేసుకోకుండా బయలుదేరడం మా ఇంట్లో ఎవరికీ నచ్చడం లేదు.

జవాబు: పరిమిత సంఖ్యలో ఇచ్చే అనుమతులను ముందుగా తీసుకోవాలి. పెరూలో పూర్వపు ఇన్కా ప్రజల కొండదారి అయిన ఇన్కా బాట (ఇన్కా ట్రయల్) మీద గైడ్లు, కూలీలతో కలిపి రోజుకు 500 మందినే అనుమతిస్తారు, ఫిబ్రవరి నెలంతా మూసివేస్తారు; పొడి కాలానికి నెలల ముందే స్థలాలు అయిపోతాయి. న్యూజిలాండ్‌లోని మిల్‌ఫర్డ్ నడకదారి, ఉగాండా, రువాండాల్లో గొరిల్లాలను చూసే అనుమతులు కూడా ఇలాంటివే. వీటితో పాటు మొదటి దేశంలో మూడు నాలుగు రాత్రుల బస, అర్ధరాత్రి దిగే ప్రతి కొత్త నగరంలో మొదటి రాత్రి బస, పండుగ వారాల్లో రైళ్లు. ఇంతకు మించి కట్టేసుకుంటే, దారిలో ఎవరో చెప్పిన మంచి చోటుకు వెళ్లడానికి గాని, జ్వరం వస్తే నాలుగు రోజులు పడుకోవడానికి గాని వీలుండదు. ప్రతి రెండు నెలలకు ఒక వారం ఏ పనీ పెట్టుకోకుండా ఖాళీగా ఉంచండి.

ఇంట్లోవారికి కావలసింది హోటళ్ల జాబితా కాదు. మీరు ఎక్కడున్నారో తెలియడం. దేశాలు, నెలలు, వీసా గడువులు, పెద్ద విమానాలు మాత్రమే ఉన్న ఒక్క పేజీ పట్టికను, పాస్‌పోర్టు, బీమా ప్రతులను, బీమా సంస్థ అత్యవసర నంబరును వారికి ఇవ్వండి. వారానికి ఒక నిర్ణీత రోజున కబురు పంపుతామని, సంకేతాలు అందని కొండల్లోకి వెళ్లేముందు ఎన్ని రోజులు మౌనంగా ఉంటామో చెబుతామని, ఆ గడువు దాటి మరో రెండు రోజులు గడిచినా కబురు లేకపోతే ఎవరికి ఫోను చేయాలో ఆ పట్టిక కిందే రాసి ఉంచండి.